స్పీడోమీటర్ వీడియోలు ఇక ఆపేద్దాం: జర్మనీలో కారు నడుపుతున్న తెలుగువాళ్ళకు బహిరంగ లేఖ

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, మన తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు నమస్కారం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక రకం వీడియో. మీరంతా చూసే ఉంటారు. డాష్‌బోర్డు వైపు తిప్పిన ఫోను, 180 దాటి 200, 220 వైపు పోతున్న ముల్లు, వెనక సీట్లోంచి అరుపులు, పైన ఒక మాస్ పాట. కింద "ఇక్కడ స్పీడ్ లిమిట్ లేదు మామా" అని ఒక లైను. కొత్త సెమిస్టర్ మొదలైన ప్రతిసారీ, వేసవి సెలవులు వచ్చిన ప్రతిసారీ గ్రూపుల్లో ఇవి వరసగా వచ్చి పడుతున్నాయి. ఆ కారు చాలాసార్లు అద్దెది. నడిపేవాళ్ళు చాలాసార్లు ఈ దేశం వచ్చి ఏడాది కూడా కానివాళ్ళు. వాటికి లైకులు కొట్టేదీ, ఇంకో గ్రూపుకు పంపేదీ మనమే.

ఆ వీడియోలు తీయడం, పంచుకోవడం ఆపండని అడగడానికే ఇది రాస్తున్నాను. దాంతోపాటు ఇంకొకటి కూడా అడుగుతున్నాను, నిజానికి అదే ముఖ్యం. ఈ దేశంలో ఉన్న స్పీడ్ లిమిట్లు నేర్చుకోండి. లిమిట్ లేని రోడ్డు గురించి శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే మనందరికీ తెలుసు. లిమిట్ ఉన్న రోడ్ల గురించి మాత్రం పోస్టులో నోటీసు వచ్చేదాకా ఎవరూ చెప్పట్లేదు.

ముందు ఆ లిమిట్ లేని రోడ్డు సంగతే చూద్దాం. జర్మనీలో ఆటోబాన్లు, అంటే ఇక్కడి ఎక్స్‌ప్రెస్ హైవేలు, దాదాపు 13,000 కిలోమీటర్లు. అందులో సుమారు 70 శాతం మీద కార్లకు శాశ్వతమైన లిమిట్ లేదు, నిజమే. కానీ ఆ రోడ్ల మీద కూడా ప్రభుత్వం ఒక వేగాన్ని సూచించింది: గంటకు 130 కిలోమీటర్లు. 1973 నవంబరులో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ఆటోబాన్ల మీద కొన్ని నెలలపాటు 100 లిమిట్ పెట్టారు. దాన్ని ఎత్తేశాక, 1974 నుంచి ఈ 130 సూచన నడుస్తోంది. సూచనే కదా, దాటితే ఫైన్ లేదు కదా అని మనవాళ్ళు అనుకుంటారు. ఫైన్ లేని మాట వాస్తవమే. అయితే 1992లో ఇక్కడి ఫెడరల్ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. 130 దాటి వెళ్తున్నప్పుడు ప్రమాదం జరిగితే, తప్పు అవతలివాడిదే అయినా సరే, 130లో వెళ్ళినా ఆ ప్రమాదం ఇలాగే జరిగి ఉండేదని మీరు నిరూపించుకోవాలి. నిరూపించలేకపోతే నష్టంలో కొంత వాటా మీ నెత్తిన పడుతుంది. చదువు కోసం అప్పు చేసి వచ్చిన విద్యార్థికి ఆ వాటా అంటే ఎంతో ఒకసారి ఆలోచించండి.

దీనికన్నా పెద్ద నిబంధన ఇంకొకటి ఉంది. ఇక్కడి ట్రాఫిక్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, వాహనం పూర్తిగా మన అదుపులో ఉండేంత వేగంతోనే నడపాలి. రోడ్డు, రద్దీ, వెలుతురు, వాన, మన అనుభవం, బండి మీద ఉన్న బరువు, అన్నీ అందులోకి వస్తాయి. పొగమంచులో 50 మీటర్ల అవతల ఏమీ కనిపించకపోతే ఆటోబాన్ మీదైనా 50 దాటకూడదు. తెల్ల బోర్డు మీద అడ్డంగా వాలిన ఐదు నల్ల గీతలు కనిపించగానే "ఓపెన్!" అని అరుస్తారు చూశారా, ఆ బోర్డు అప్పటిదాకా ఉన్న లిమిట్ ముగిసిందని మాత్రమే చెబుతుంది. మూడో సెక్షన్ ఆ బోర్డు దాటాక కూడా ఉంటుంది.

వేగం సంగతి మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు, అందుకే ఇక్కడి డ్రైవింగ్ స్కూళ్ళలో నేర్పే లెక్క చెబుతాను. వేగాన్ని 10తో భాగించి 3తో గుణించండి. మీరు ప్రమాదం చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపు కారు పోయే దూరం అది, మీటర్లలో. మళ్ళీ వేగాన్ని 10తో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించండి. బ్రేకు వేశాక ఆగేదాకా పోయే దూరం అది. 100లో వెళ్తే 30, 100 కలిపి 130 మీటర్లు. 130లో 208 మీటర్లు. 200లో 60, 400 కలిపి 460 మీటర్లు. వేగం రెట్టింపు అయితే ఆగే దూరం మూడున్నర రెట్లు అయింది. అదీ రోడ్డు పొడిగా ఉంటేనే.

ఇప్పుడు ఆటోబాన్ మీద రోజూ జరిగేది చూడండి. కుడి లేన్‌లో లారీ ఉంది. దాని లిమిట్ 80. దాన్ని దాటడానికి 110లో వెళ్తున్న ఒక చిన్న కారు ఎడమకి వస్తుంది. మీరు వెనక నుంచి 200లో వస్తున్నారు. ఇద్దరి వేగాల్లో తేడా గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. అద్దంలో చూసినప్పుడు 250 మీటర్ల వెనక ఉన్న మీ కారు అతనికి ఒక చుక్కలా కనిపిస్తుంది. పది సెకన్లలో మీరు అతని బంపర్ దగ్గర ఉంటారు. అతను అద్దం చూసే వచ్చాడు, రూలు ప్రకారమే వచ్చాడు. ఈ రోడ్ల మీద ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నవాళ్ళు ఆ చిన్న కారు కదలికను ముందే పసిగట్టి కాలు తీసేస్తారు. ఆ పసిగట్టడం అనుభవంతో వచ్చేది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపిన అనుభవం దీనికి సరిపోదు, అక్కడ గరిష్ఠ లిమిటే 120.

చలికాలంలో అద్దె కారు తీసుకునేవాళ్ళకు ఒక మాట. వింటర్ టైర్లకు వాటి సొంత వేగ పరిమితి ఉంటుంది, కొన్నిటికి 190, కొన్నిటికి 210. స్టీరింగ్ దగ్గర చిన్న స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఇంజను 240 పోగలదు కాబట్టి టైరు కూడా పోగలదనుకోవద్దు.

ఇంతకీ ఆటోబాన్ గురించి ఇంత చెప్పినా, నా అసలు దిగులు అక్కడ లేదు. జర్మనీలో రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలో ఆటోబాన్ మీద పోయేది పదిమందిలో సుమారు ఒక్కరు. సగానికి పైగా పోయేది ఊళ్ళ మధ్యనున్న మామూలు రోడ్ల మీద, ఇక్కడివాళ్ళు లాండ్‌స్ట్రాసే అనే వాటి మీద. మధ్యలో డివైడర్ ఉండదు, పక్కన చెట్లుంటాయి, మలుపులుంటాయి, లిమిట్ 100. ఆ వంద కూడా అక్కడ చాలాచోట్ల ఎక్కువే. బ్లాక్ ఫారెస్ట్ ట్రిప్పుకనో, నోయిష్వాన్‌స్టైన్ కోట చూద్దామనో బయల్దేరిన కారు ఆటోబాన్ దిగాక ఇలాంటి రోడ్డే ఎక్కుతుంది. మూడు గంటలు 160లో నడిపి దిగినవాళ్ళకు 100 అంటే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఆ రోడ్డు ఒక ఊళ్ళోకి వెళ్తుంది. ఊరి మొదట్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు ఉంటుంది. మనవాళ్ళు దాన్ని ఊరి పేరుగానే చదువుతారు. అదే స్పీడ్ బోర్డు కూడా. ఆ బోర్డు దాటిన క్షణం నుంచి లిమిట్ 50, ఇంకెక్కడా 50 అని రాసి ఉండదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఊరు దాటాక అదే పసుపు బోర్డు మీద ఎర్రగీత కొట్టి ఉంటుంది, అక్కడిదాకా 50 దాటకూడదు. ఊళ్ళో ఇళ్ళ మధ్య వీధుల్లో 30 జోన్లుంటాయి, అక్కడ కుడివైపు నుంచి వచ్చే బండికి దారి వదలాలి. పిల్లలు ఆడుకుంటున్న బొమ్మ ఉన్న నీలం బోర్డు కనిపిస్తే నడక వేగమే. బడి ముందు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫలానా గంటల్లో 30 అని ఉంటుంది, కొన్ని రోడ్ల మీద రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా శబ్దం తగ్గించడానికి 30 అని ఉంటుంది, ఆటోబాన్ మీద తడిగా ఉంటేనే వర్తించే లిమిట్లు ఉంటాయి. సంఖ్య కింద రాసిన చిన్న అక్షరాలు చదవడం రావాలి.

పల్లె కాదు కదా, పెద్ద రోడ్డు కదా, 30 ఎందుకని విసుక్కునేవాళ్ళు ఇందాకటి లెక్కే మళ్ళీ వేయండి. 30లో ఆగే దూరం 9, 9 కలిపి 18 మీటర్లు. ఆగి ఉన్న కార్ల మధ్యలోంచి ఒక పిల్లవాడు 18 మీటర్ల ముందు రోడ్డు మీదకి వస్తే, 30లో వస్తున్న కారు వాడి ముందు ఆగుతుంది. 50లో వస్తున్న కారుకు బ్రేకు మీద కాలు పడేలోపే 15 మీటర్లు అయిపోయాయి. మిగిలింది మూడు మీటర్లు. దాదాపు అదే 50తో ఆ పిల్లవాడిని తాకుతుంది. ఇరవై కిలోమీటర్ల తేడా అంటే ఇదీ. 1983లో బుక్స్‌టెహూడె అనే చిన్న ఊళ్ళో మొదటిసారి 30 జోన్ పెట్టారు. 2021లో ఫ్రైబుర్గ్, లైప్‌జిగ్, ఆహెన్, ఆవుగ్స్‌బుర్గ్, హనోవర్, మ్యున్‌స్టర్, ఉల్మ్ నగరాలు కలిసి, మా ఊళ్ళలో 30 ఎక్కడ పెట్టాలో మేమే తేల్చుకునే హక్కు ఇవ్వండని కేంద్రాన్ని అడిగాయి. ఆ తర్వాత వెయ్యికి పైగా ఊళ్ళు, పట్టణాలు వాటితో కలిశాయి. మీరు కొత్తగా చూస్తున్న 30 బోర్డుల వెనక ఈ పోరాటం ఉంది. అవి ఎవరో ఫైన్ల కోసం పెట్టినవి కావు.

ఇక ఫైన్ల సంగతి. మన దగ్గర చలానా అంటే ఒక లెక్క ఉంది. పేరుకుపోనిస్తాం, ఏదో ఒకరోజు డిస్కౌంట్ వస్తుందని ఎదురుచూస్తాం. 2022 మార్చిలో తెలంగాణలో బైకులకు 75 శాతం తగ్గించారు, మనందరికీ గుర్తే. ఆ అలవాటు ఇక్కడికి తేవద్దు. ఇక్కడ తగ్గింపు లేదు. కట్టకపోతే నోటీసు మీద నోటీసు వస్తుంది, చివరికి కట్టేలా చేయడానికి జైల్లో కూర్చోబెట్టే అధికారం కోర్టుకు ఉంది. రెండో తేడా ఇంకా ముఖ్యం. మన దగ్గర చలానా బండి నంబరు మీద, అంటే ఓనరు పేరున వస్తుంది. ఇక్కడ వేగానికి శిక్ష నడిపినవాళ్ళకే. అందుకే మనం బ్లిట్జర్ అనే వేగం కొలిచే కెమెరాలు ముందు నుంచి ముఖం కనిపించేలా ఫోటో తీస్తాయి. కారు అద్దెదైతే కంపెనీ మీ పేరు చెప్పి, అలా చెప్పినందుకు తన ఫీజు కూడా మీ కార్డులోంచి లాక్కుంటుంది.

2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. ఊళ్ళో 10 కిలోమీటర్ల దాకా దాటితే 30 యూరోలు. 16 నుంచి 20 దాటితే 70. 21 దాటితే 115 యూరోలు, ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉన్న, డ్రైవర్ల తప్పులు నమోదు చేసే రిజిస్టర్‌లో ఒక పాయింటు. 31 దాటితే 260 యూరోలు, రెండు పాయింట్లు, ఒక నెల కారు ముట్టుకోకూడదు. 70కి మించి దాటితే 800 యూరోలు, మూడు నెలల నిషేధం. ఊరి బయట కాస్త తక్కువ. పెద్ద ఫైన్ల మీద ఖర్చుల కింద ఇంకో 28.50 యూరోలు కలుస్తాయి. కెమెరా చూపించిన వేగంలో 100 లోపు అయితే 3 కిలోమీటర్లు, ఆ పైన అయితే 3 శాతం తగ్గించి లెక్క వేస్తారు, అంతకుమించి దయ లేదు. ఎనిమిది పాయింట్లకు లైసెన్సు పోతుంది. మొదటిసారి లైసెన్సు తీసుకున్నవాళ్ళకు రెండేళ్ళ ప్రొబేషన్ ఉంటుంది. అందులో 21 దాటి ఒక్కసారి దొరికినా డబ్బు కట్టి సెమినార్‌కు కూర్చోవాలి, ప్రొబేషన్ నాలుగేళ్ళవుతుంది.

కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వస్తుంటే ఏ3 ఆటోబాన్ మీద లింబుర్గ్ దగ్గర ఎల్జర్ బెర్గ్ దిగుడు వస్తుంది. లిమిట్ 100. దశాబ్దాలుగా అక్కడ కెమెరా ఉంది, దేశమంతా ఎరిగిన కెమెరా. అయినా జనం దొరుకుతూనే ఉన్నారు. ఎక్కడ కెమెరా ఉందో చూపించే యాప్ పెట్టుకుందామంటారా? డ్రైవరు అది వాడితే 75 యూరోలు, ఒక పాయింటు. గ్రూపుల్లో "ఫలానా యాప్ పెట్టుకోండి బ్రో" అని చెప్పేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

ఇంకొక ప్రమాదకరమైన సలహా కూడా తిరుగుతోంది. "నీకు ప్రొబేషన్ ఉంది కదా, నేను నడిపానని రాసిచ్చేయ్, పాయింటు నేను తీసుకుంటా" అని. స్నేహం కొద్దీ అనే మాటే. కానీ ఫోటోలో ఉన్న ముఖాన్ని పోల్చి చూస్తారు. ఫైన్‌తో పోయే విషయాన్ని క్రిమినల్ కేసు దాకా తీసుకెళ్ళకండి. పసుపు కవరులో నోటీసు వస్తే భయపడి పక్కన పడేయకండి. కవరు మీద పోస్ట్‌మ్యాన్ వేసిన తేదీ నుంచి రెండు వారాల్లోగా అభ్యంతరం చెప్పే హక్కు ఉంది, ఆ గడువు దాటితే ఎంత న్యాయమున్నా వినరు. భాష రాకపోతే వచ్చినవాళ్ళను అడగండి. ఇలాంటి కవర్లు పట్టుకుని నా దగ్గరికీ పిల్లలు వస్తుంటారు. గడువు దాటాక వచ్చినవాళ్ళను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

వీడియోల దగ్గరికి మళ్ళీ వస్తాను. 2016 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి దాటాక బెర్లిన్‌లో కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డమ్ రోడ్డు మీద ఇద్దరు యువకులు పందెం వేసుకున్నారు. 50 లిమిట్ ఉన్న నగరం నడిబొడ్డున 160 దాటి, ఎర్ర సిగ్నళ్ళు దాటి వెళ్ళారు. పచ్చ లైటు చూసుకుని వస్తున్న 69 ఏళ్ళ పెద్దాయన చనిపోయాడు. 2017లో కోర్టు ఇద్దరికీ హత్యానేరం కింద శిక్ష వేసింది, జర్మనీలో రోడ్డు పందేనికి అలా జరగడం అదే మొదలు. అప్పీళ్ళు నడిచాయి, 2020లో ఒకరి విషయంలో హత్యానేరం ఖాయమైంది. ఈలోగా 2017 అక్టోబరులో కొత్త సెక్షన్ వచ్చింది, శిక్షాస్మృతిలో 315డి. పందెం వేసుకోనక్కర్లేదు. ఒక్కడే అయినా, రూళ్ళను దారుణంగా తోసేసి, ఎవరేమైతే నాకేంటన్నట్టు, వీలైనంత వేగం అందుకోవాలని నడిపితే అది నేరం. రెండేళ్ళ దాకా జైలు, ఎవరైనా చనిపోతే పదేళ్ళ దాకా. కారు కూడా స్వాధీనం చేసుకోవచ్చు. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఈ సెక్షన్ సరైనదేనంది.

అదే ఏడాది జనవరిలో ఒక చెక్ వ్యాపారి, ఏ2 ఆటోబాన్ మీద 417 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిన వీడియోను యూట్యూబ్‌లో పెట్టాడు. లిమిట్ లేని చోటే నడిపాడు. అయినా ప్రాసిక్యూటర్లు 315డి కింద విచారణ మొదలుపెట్టారు. చివరికి కేసు మూసేశారు, కానీ విచారణ మొదలవడానికి ఆధారం అతను పెట్టుకున్న వీడియోనే. మీ రీల్‌లో ముల్లు కనిపిస్తుంది, రోడ్డు కనిపిస్తుంది, పక్కన లిమిట్ బోర్డు కనిపిస్తుంది, మీ గొంతు వినిపిస్తుంది. ఇంక పోలీసులకు వేరే సాక్ష్యం ఏం కావాలి? స్టీరింగ్ పట్టుకుని చేతిలో ఫోను ఉంటే దానికి ఇంకో ఫైన్. క్రిమినల్ కోర్టులో జరిమానాను ఇన్ని రోజుల సంపాదన అని లెక్కేస్తారు, అది 90 రోజులకు మించితే పౌరసత్వం దరఖాస్తుకు అడ్డు వస్తుంది. ఎనిమిది సెకన్ల వీడియోకు ఇంత ఖరీదు.

లిమిట్ అంటే స్వేచ్ఛకు అడ్డు అనే మాట ఇక్కడివాళ్ళలోనూ ఉంది. నా అభిప్రాయం దాచను, ఆటోబాన్ మీద కూడా 130 లిమిట్ రావాలి. ఈ దేశంలో చాలామంది అదే కోరుతున్నారు. 2019లో పార్లమెంటులో ఆ ప్రతిపాదన ఓడిపోయింది, మళ్ళీ వస్తుంది. పశ్చిమ జర్మనీలో 1953 నుంచి 1957 దాకా ఊళ్ళలో కూడా లిమిట్ లేదని మీకు తెలుసా? 1957 సెప్టెంబరులో ఊళ్ళలో 50 వచ్చింది. 1972లో ఊరి బయట 100 వచ్చింది. తర్వాత సీటు బెల్టులు, మెరుగైన కార్లు, త్వరగా వచ్చే అంబులెన్సులు. 1970లో తూర్పు, పశ్చిమ జర్మనీలు రెండిటిలో కలిపి రోడ్ల మీద 21,000 మందికి పైగా చనిపోయారు. 2024లో చనిపోయింది దాదాపు 2,770 మంది. కార్లు మాత్రం అప్పటికన్నా చాలా పెరిగాయి. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది పోయారు, అందులో 71 శాతం మరణాలకు ప్రభుత్వ నివేదిక చెప్పిన కారణం అతివేగం. ఇంతమందిని పోగొట్టుకుంటున్న చోటి నుంచి వచ్చి, ఇక్కడ కష్టపడి తగ్గించుకున్న రోడ్ల మీద వేగాన్ని వేడుకగా చూపించుకోవడం నాకు మింగుడు పడట్లేదు.

తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం. ఉగాదికీ, దసరాకీ హాలు తీసుకుంటారు, కొత్తగా వచ్చిన విద్యార్థులకు స్వాగత సభ పెడతారు. అందులో ఒక అరగంట దీనికి ఇవ్వండి. ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలలే చెల్లుతుందనీ, తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయక తప్పదనీ అక్కడే చెప్పండి. పసుపు బోర్డు, ఐదు గీతల బోర్డు, 30 జోను, నీలం బోర్డు బొమ్మలు తెర మీద చూపించండి. డ్రైవింగ్ స్కూల్లో పనిచేసే మనవాళ్ళు ఎవరైనా ఉంటే పిలవండి.

అడ్మిన్లకు: స్పీడోమీటర్ వీడియో వస్తే తీసేయండి, పెట్టినవాళ్ళకు విడిగా మెసేజ్ చేయండి, అందరి ముందూ అవమానించకండి. ట్రిప్పులకు కార్లు మాట్లాడుకునే గ్రూపుల్లో, బయల్దేరేముందు ఎవరు నడుపుతున్నారు, ఇక్కడ ఎన్నాళ్ళుగా నడుపుతున్నారు అని అడగడం అలవాటు చేయండి. వెనక సీట్లో కూర్చునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, "కాస్త తగ్గించు" అని చెప్పడానికి మొహమాటపడకండి. అద్దె డబ్బులో మీ వాటా కూడా ఉంది, ఆ కారులో మీరూ ఉన్నారు.

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఏ సంఘం పిలిచినా ఆ అరగంట చెప్పడానికి నేను వస్తాను. స్లైడ్లు తెలుగులో తయారుగా ఉన్నాయి, అడిగిన ఊరికల్లా పంపిస్తాను. అక్టోబరులో కొత్త బ్యాచ్ దిగేలోపు మొదటి సభ పెట్టగలిగితే మంచిది.

ఇట్లు,
స్టుట్‌గార్ట్ నుంచి మీ తోటి తెలుగువాడు